లెక్కల్లో చర్చ ఏమిటి?

"కథ గురించి చర్చించమంటే అర్థముంది. పద్యం గురించి వాదించుకోమన్నా అర్థముంది. లెక్కల్లో చర్చ ఏమిటండీ? రెండూ రెండూ నాలుగు. ఎవరడిగినా నాలుగే, ఎన్నిసార్లడిగినా నాలుగే. ఇందులో పసిపిల్లలు మాట్లాడుకోవడానికి ఏముంది?" అని పెద్దలు చాలామంది అంటారు. ఇది తేలిగ్గా తోసిపుచ్చవలసిన మాట కాదు. ఎక్కాలు గొంతెత్తి వల్లించి, తప్పితే తొడపాశం తిని, లెక్కల్లో గట్టివాళ్ళయినవారు మన మధ్య ఎందరో ఉన్నారు. వారి అనుభవాన్ని కాదనడానికి మనమెవరం? అయితే ఆ తొడపాశం భయంతోనే లెక్కలకు శాశ్వతంగా దండం పెట్టినవారు అంతకంటే ఎక్కువమంది. వారు మాత్రం నోరు విప్పరు. తమకు తెలివి లేదని వారు ఏనాడో ఒప్పేసుకున్నారు.

ప్రశ్నను ఇలా పెట్టుకుందాం. ఉపాధ్యాయుడికి జవాబు తెలుసు. ఎదురుగా ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు తప్పు చెప్పాడు. సరైన జవాబు చెప్పేస్తే అర నిమిషంలో పని అయిపోతుంది. అలా చెప్పకుండా, "వీడు ఇలా అంటున్నాడు, మీరేమంటారు?" అని మిగతా పిల్లల వైపు తిరగడం న్యాయమేనా? అది తెలిసిన సత్యాన్ని దాచడం కాదా? పదిమంది ఎదుట ఒక పసివాడి తప్పును సాగదీయడం కాదా? పైకి ఇది బోధనా పద్ధతికి సంబంధించిన ప్రశ్న. లోపల ఉన్నది ధర్మసందేహం.

దీనికి సమాధానం వెతకాలంటే, చదువులో రెండు రకాల విషయాలున్నాయని ముందుగా గుర్తించాలి. ఒడిశా రాజధాని భువనేశ్వరమని ఎవరైనా చెబితేనే పిల్లవాడికి తెలుస్తుంది. ఎంత ఆలోచించినా దాన్ని తనంతట తాను కనిపెట్టలేడు. కూడికకు ఆ అడ్డగీత నిలువుగీత గుర్తు ఎందుకు పెట్టారో, ఐదుకు ఆ ఆకారం ఎందుకొచ్చిందో కూడా అంతే. ఇవి మనుషులు చేసుకున్న ఏర్పాట్లు, వీటిని చెప్పి తీరాలి. చెప్పకుండా పిల్లల చేత ఊహింపజేయడం కాలం వృథా, ఒకరకంగా క్రూరత్వం కూడా. కాని ఏడుకు ఐదు కలిపినా ఐదుకు ఏడు కలిపినా ఒకటే అన్నది ఎవరి ఏర్పాటూ కాదు. గుప్పెడు చింతపిక్కలు ముందేసుకుంటే ఆరేళ్ళ పిల్ల తన కళ్ళతో చూడగలదు. చూశాక ఆమెకు ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. అయ్యవారు వచ్చి "కాదు" అన్నా ఆమె "అవును" అనగలదు, అప్పుడు ఆమె మాటే నిజం.

లెక్కల గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మిగతా పాఠాల్లో పిల్లవాడు పెద్దల మాట నమ్మాలి, పుస్తకం మాట నమ్మాలి. లెక్కల్లో ఒక్కదానిలోనే ఏడేళ్ళవాడు డెబ్భై ఏళ్ళవాడితో సమానంగా నిలబడగలడు. అటువంటి పాఠాన్ని కూడా "నేను చెప్పాను కాబట్టి" అన్న ఒక్క కారణం మీద నేర్పితే, ఆ పిల్లవాడికి దక్కవలసిన ఆస్తిని వాడికి అప్పుగా ఇచ్చినట్టవుతుంది. ఆ అప్పు పరీక్షనాడు తీరిపోతుంది, వాడికి మిగిలేదేమీ ఉండదు.

ఈ సందేహం కొత్తది కాదు. సుమారు 2,400 ఏళ్ళ కిందట గ్రీకు తత్త్వవేత్త ప్లేటో 'మెనో' అనే సంవాదంలో దీన్నే కథగా చెప్పాడు. అందులో సోక్రటీసు చదువుసంధ్యలు లేని ఒక బానిస కుర్రవాణ్ణి పిలిచి, నేలమీద రెండడుగుల భుజం ఉన్న చతురస్రం గీస్తాడు. దాని వైశాల్యం నాలుగు. దీనికి రెట్టింపు, అంటే ఎనిమిది వైశాల్యం రావాలంటే భుజం ఎంత ఉండాలని అడుగుతాడు. కుర్రవాడు తడుముకోకుండా భుజాన్ని రెట్టింపు చేయాలంటాడు. గీసి చూస్తే పదహారు వస్తుంది. అయితే మూడంటాడు. అప్పుడు తొమ్మిది వస్తుంది. ఇక తనకు తెలియదంటాడు. అక్కడ సోక్రటీసు ఆగి, కుర్రవాడి యజమానిని ఒక ప్రశ్న వేస్తాడు. తెలుసుననుకున్న స్థితి నుంచి తెలియదని తెలుసుకున్న స్థితికి తెచ్చి వీడికి మనం కీడు చేశామా, మేలు చేశామా అని. ఆ తరువాతనే కర్ణం మీద కట్టిన చతురస్రం ఎనిమిది అవుతుందని కుర్రవాడు చూస్తాడు.

ఆ ప్రశ్న ఈనాటికీ ప్రశ్నే. కాని ఆ కథలో ఒక లోటు ఉంది. కుర్రవాడు ఒంటరి. సోక్రటీసు వంటి మహామేధావి ఎదుట వాడు చాలాసార్లు "అవును", "అంతే" అంటాడు తప్ప ఎదురు ప్రశ్న వేయడు. తనలాంటి ఇంకో కుర్రవాడు పక్కన ఉండి, "ఆగరా, అదెలా అవుతుంది?" అని ఉంటే వాడు ఏమనేవాడో మనకు తెలియదు. తరగతి చర్చ పూరించేది ఈ లోటునే. పిల్లవాడు పెద్దవాడి మాటకు తల ఊపుతాడు. తోటివాడి మాటకైతే తల ఎగరేస్తాడు.

దీనికి ఇటీవలి కాలపు ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డెబొరా బాల్ అనే విదుషి విశ్వవిద్యాలయంలో పనిచేస్తూనే ఒక ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతికి రోజూ లెక్కలు చెప్పేది. అనేక దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలున్న తరగతి అది. 1990 జనవరిలో ఒకనాడు సరి సంఖ్యలు, బేసి సంఖ్యల మీద మాట జరుగుతుండగా ఒక అబ్బాయి లేచి, ఆరు సరీ అవుతుంది, బేసీ అవుతుంది అన్నాడు. ఎందుకంటే ఆరులో రెండ్లు మూడున్నాయి, మూడు బేసి కదా అన్నాడు.

మన బడిలో అయితే ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు. ఆమె మాత్రం తప్పు అనలేదు, ఒప్పు అనలేదు. పిల్లలకే వదిలింది. ఒక అమ్మాయి గీతలు గీసి, రెండేసి చొప్పున జతచేస్తే చివర ఒకటి మిగిలితేనే అది బేసి అని చూపింది. మరొక అమ్మాయి, అలా అయితే పదిలో రెండ్లు ఐదున్నాయి, పదినీ అలాగే అనాలి, అలా పోతే ఇక సరి బేసి అన్న తేడాకే అర్థం ఉండదు అంది. ఆ అబ్బాయి నొచ్చుకోలేదు. పది సంగతి తాను ఆలోచించలేదని ఒప్పుకుని, చెప్పినందుకు ఆమెకు కృతజ్ఞత తెలిపి, అయితే పది కూడా రెండూ అవుతుంది అన్నాడు! చివరకు ఆ తరగతి 2, 6, 10, 14 వంటి సంఖ్యలకు ఆ అబ్బాయి పేరే పెట్టుకుంది. అవి సరి సంఖ్యలే, కాని వాటిలో ఉన్న రెండ్ల లెక్క బేసి. ఆ పేరు ఏ పుస్తకంలోనూ లేదు, కాని ఆ గుణం నిజంగా ఉన్నదే.

ఇక్కడ ఉపాధ్యాయురాలి మనస్సులో జరిగిన పెనుగులాట గమనించదగ్గది. పుస్తకంలో లేని పేరును తరగతిలో నిలబెడితే మిగతా పిల్లలు తికమకపడరా, తన విధిని తాను తప్పినట్టు కాదా అన్న సందేహం తనకు కలిగిందని ఆమె 1993లో ప్రచురించిన వ్యాసంలో రాసింది. తరువాత పరీక్ష పెట్టింది. బేసి అంటే ఏమిటో పిల్లలందరూ సరిగ్గా చెప్పారు. 90ని సరికీ బేసికీ ఉమ్మడి గడిలో ఒక్కరూ పెట్టలేదు. 90లో రెండ్లు నలభై ఐదున్నాయన్నది మరచిపోకండి. ఆ అబ్బాయి వాదనను ముందుగా నోరు నొక్కి ఉంటే, సరి అంటే ఏమిటన్న నిర్వచనం అంత గట్టిగా వారి మనస్సుల్లో నాటుకునేది కాదు. సందేహం వచ్చినప్పుడే కదా నిర్వచనం అవసరమయ్యేది.

"అయితే పదిమంది చేతులెత్తితే లెక్క ఒప్పయిపోతుందా?" అని అడగవచ్చు. కాదు, కాకూడదు. లెక్కల తరగతి పంచాయతీ కాదు, ఓట్లు లెక్కపెట్టుకోవడానికి. నలభైమందిలో ముప్పైతొమ్మిది మంది ఒకటన్నా, ఒక్క పిల్ల చూపిన కారణం నిలిస్తే ఆ పిల్లదే గెలుపు. నిజానికి అది గెలుపు కూడా కాదు. మన న్యాయశాస్త్రం వాదానికీ జల్పానికీ వితండకూ తేడా చెప్పింది. నిజం తేలడానికి మాట్లాడుకునేది వాదం, గెలవడానికి మాట్లాడేది జల్పం, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడిని పడగొట్టడానికే మాట్లాడేది వితండ. పెద్దల సభల్లో మొదటిది అరుదు, మిగతా రెండే ఎక్కువ. పసిపిల్లలకు వాదమంటే ఏమిటో రుచి చూపించగల చోటు లెక్కల తరగతి కంటే మరొకటి లేదు. అక్కడ కులం పనిచేయదు, గొంతు పనిచేయదు, చింతపిక్కలే సాక్ష్యం. ఓడినవాడు కూడా ఏదో ఒకటి పట్టుకుని ఇంటికి పోతాడు.

అలాగని ఇది దానంతటదే జరగదు. వదిలేస్తే తరగతిలోనూ గొంతున్నవాడే మాట్లాడతాడు, ముందు బల్లవాళ్ళే లేస్తారు, ఆడపిల్లలు తల వంచుకుంటారు. అందుకే చర్చ నడిపే ఉపాధ్యాయుడి పని తగ్గదు, పెరుగుతుంది. ఎవరు మాట్లాడలేదో చూడాలి. ఎవరి మాటలో సగం నిజం ఉందో పట్టుకోవాలి. జపాను బడుల్లో ఒక లెక్కకు పిల్లలు చేసిన రకరకాల మార్గాలను బోర్డు మీద పక్కపక్కన పెట్టి అందరూ కలిసి పరిశీలించే ఘట్టానికి 'నెరిఆగె' అని పేరు. పిసికి ముద్ద చేయడమన్న భావం అందులో ఉందట. మన ఇళ్ళలో పూరీ పిండి పిసికినట్టన్నమాట, ఎంత పిసికితే అంత సాగుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 52లోంచి 27 తీసివేయమంటే రెండవ మూడవ తరగతుల పిల్లలు 35 అనడం మామూలే. ఐదులో రెండు పోతే మూడు. రెండులో ఏడు పోదు గనక ఏడులోంచే రెండు తీసేశారు, ఐదు. మొత్తం 35. ఇది మందబుద్ధి కాదు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మనం నేర్పిన సూత్రాన్నే వాళ్ళు నమ్మకంగా పాటించారు. "తప్పు, పక్క ఇంటి నుంచి అప్పు తెచ్చుకో" అంటే వాడు అలాగే చేస్తాడు, ఎందుకో తెలియకుండానే. అలా కాక "ఎలా చేశావో చెప్పు నాయనా" అని అడిగి చూడండి. ఇంతలో కిరాణా అంగడి వారి అమ్మాయి ఒకతె, "27కి మూడేస్తే ముప్పై, ముప్పై నుంచి 52కి ఇరవై రెండు, మొత్తం ఇరవై ఐదు" అంటుంది. వాళ్ళ నాన్న చిల్లర తిరిగి ఇచ్చే పద్ధతి అది. మరొకడు 35కూ 27కూ కలిపి చూసి 62 వచ్చిందే అంటాడు. అప్పుడు మొదటివాడు తన తప్పును తానే పట్టుకుంటాడు. ఎవరో పట్టిచ్చిన తప్పుకు సిగ్గు కలుగుతుంది. తాను పట్టుకున్న తప్పుకు నవ్వొస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాయే నేను చెప్పే ధర్మం.

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ విభాగంలో, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చేయాలని, తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పగలిగేలా తోడ్పడాలని రాసి ఉంది. లెక్కల గంటకు ఇందులో మినహాయింపు లేదు.

ఇంతవరకు చెప్పినది ఏ బడికైనా వర్తిస్తుంది. ఇక మన సంగతి. ఈ పత్రిక చదివేవారి పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష వాడేవారు. హోసూరు పిల్లకు బడిలో తమిళం, కోలారు పిల్లకు కన్నడం, బరంపురం పిల్లకు ఒడియా, షోలాపురం పిల్లకు మరాఠీ. ఈ మధ్య అన్నిచోట్లా ఇంగ్లీషు. ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. వల్లెవేతకు భాష అంతగా అక్కర్లేదు. పలక మీద అంకెలు వేసి చూపితే చాలు, అంకెలు అన్ని భాషలకూ ఒకటే. చర్చ అంటే భాష కావాలి. "ఎందుకంటే", "అలా అయితే", "కాని", "ఒకవేళ" అన్న మాటలు నోట ఆడాలి. బడి భాషలో ఆ మాటలు ఇంకా రాని తెలుగు పిల్ల, వల్లెవేత తరగతిలో పదికి పది తెచ్చుకునే పిల్ల, చర్చ తరగతిలో మూగదైపోదా? మంచి పద్ధతి పేరిట మన పిల్లలకు కొత్త అన్యాయం చేసినట్టు కాదా?

ఈ అభ్యంతరం నిజమైనదే. కాని దీని నుంచి రాబట్టవలసిన నీతి చర్చ వద్దని కాదు, ఆ పిల్లను తన భాషలో మాట్లాడనివ్వమని. ఆలోచన పుట్టేది ఇంటి భాషలో. బ్రెజిల్ దేశంలో రెసిఫె నగరపు వీధుల్లో సరుకులమ్ముకునే పిల్లల మీద 1985లో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తుంది. తొమ్మిదికీ పదిహేనుకీ మధ్య వయసున్న ఐదుగురు పిల్లలు అంగడి దగ్గర వేసిన లెక్కల్లో నూటికి 98 ఒప్పయ్యాయి. అవే లెక్కలను మాటల్లో కథలాగా అడిగితే 74. కాగితం మీద ఉత్త అంకెలుగా పెడితే 37. మనుషులు వాళ్ళే, లెక్కలు అవే. మనదేశంలో కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద జరిగి 2025లో ప్రచురితమైన అధ్యయనమూ ఇంచుమించు ఇదే చెప్పింది. ఇంకొక సంగతి కూడా చెప్పింది. బడి లెక్కలు చక్కగా చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. అంటే ఇంటికీ బడికీ మధ్య వంతెన ఏ వైపు నుంచీ లేదు. ఆ వంతెన మాటతోనే కట్టాలి.

రెండు భాషల పిల్లకు లోటు ఉందనే అంటున్నాం గాని, ఆమెకు ఒక కలిమి కూడా ఉంది. మనకు తొంభై. తమిళంలో అదే 'తొణ్ణూఱు'. అందులో నూరు వినిపిస్తుంది. తొమ్మిది వందలకు 'తొళ్ళాయిరం', అందులో వెయ్యి వినిపిస్తుంది. "తొంభైలో నూరెందుకుంది అయ్యవారూ?" అని హోసూరు పిల్ల అడిగిందనుకోండి, అంతకంటే మంచి లెక్కల ప్రశ్న ఏముంది? మరాఠీలో 29ని 'ఏకోణతీస్' అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని. ఒడియాలో 'అణతిరిశ'లోనూ ముప్పై దాగి ఉంది. మనం ఇరవై తొమ్మిది అని ముందు నుంచి ఎక్కుతాం, వాళ్ళు ముప్పై నుంచి ఒక మెట్టు దిగుతారు. యానాంలో ఫ్రెంచి చదివిన పెద్దలున్న ఇంట్లో 90 అంటే నాలుగు ఇరవైలూ పదీ. మరాఠీలో 25ను 'పంచవీస్' అంటారు, ఐదు ముందు వినబడుతుంది, రాసేటప్పుడు రెండు ముందు రాయాలి. ఈ చిక్కు తీర్చడానికి 2019లో మహారాష్ట్ర రెండవ తరగతి లెక్కల పుస్తకంలో 'వీస్ పాచ్' పద్ధతిని కూడా చేర్చితే పెద్ద దుమారమే రేగింది. ఆ 'కొత్త' పద్ధతి మన ఇరవై ఐదే! షోలాపురపు తెలుగు పిల్లకు అది పుట్టుకతో తెలుసు. ఆమెను లేపి చెప్పమని ఉంటే, ఆ తరగతిలో తెలుగు ఒక లోపంగా కాక కానుకగా కనిపించేది.

చేయవలసినది పెద్ద పనేమీ కాదు. నలభై ఐదుగురు పిల్లలున్న గదిలో గంటంతా చర్చ నడపమని ఎవరూ అడగరు. ఎక్కాలు మానమనీ అనరు. ఎక్కం నోటికి రావాలి. అయితే ఏడెనిమిదులు మరచిపోతే ఏడేడులు నలభై తొమ్మిదికి ఇంకో ఏడు కలుపుకుని యాభై ఆరుకు చేరడం కూడా రావాలి. రోజూ పది నిమిషాలు, ఒకే లెక్క, రెండు మూడు మార్గాలు చాలు. ముందు పక్కనున్నవాడితో తమ భాషలో మాట్లాడుకోనిచ్చి, ఆ తరువాత బడి భాషలో చెప్పమనవచ్చు. ఉపాధ్యాయుడికి తెలుగు రాకపోయినా ఇబ్బంది లేదు. ఇద్దరు తెలుగు పిల్లలు గుసగుసలాడుకుంటుంటే అల్లరి అనుకోకపోతే చాలు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సదుపాయం కల్పించే ప్రయత్నం చేయాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతోంది. ఆ సదుపాయం దొరకని ఊళ్ళలో కనీసం ఆ గుసగుసకైనా చోటివ్వమని అడగడం అత్యాశ కాదు.

మిగతాది మన ఇళ్ళలో ఉంది. అవ్వ దగ్గర వామనగుంటలు ఆడే పిల్ల ఏ గుంటలోంచి గింజలు తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్క కడుతుంది. "ఎలా తెలిసిందే?" అని అవ్వ అడిగితే అదే చర్చ. కూరగాయల సంచీ దించగానే "పావుకిలో ఇంతైతే ముప్పావుకెంత?" అని అడిగి, జవాబు చెప్పగానే "ఒప్పు" అనకుండా "ఎలా?" అనగలిగితే అదే చర్చ. ఒప్పు చెప్పినప్పుడు కూడా "ఎలా?" అని అడగాలి. తప్పు చెప్పినప్పుడు మాత్రమే అడిగితే, పిల్లలు ఆ ప్రశ్నను శిక్షగా తీసుకుంటారు.

తెలిసిన సత్యాన్ని దాచడం న్యాయమా అన్న మొదటి ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది. ఉపాధ్యాయుడు దాచేది సత్యాన్ని కాదు, తన అధికారాన్ని. ఒక పది నిమిషాలు దాన్ని పక్కన పెట్టగలిగితే, సత్యం తనంతట తాను నిలబడగలదని పిల్లలు చూస్తారు. ఎవరి అండా లేకుండా, ఎంతమంది కాదన్నా, ఏ భాషలో చెప్పినా నిలబడేదొకటి ఉందని ఏడేళ్ళ వయసులో తెలుసుకున్న పిల్ల, పెద్దయ్యాక ఎవరేం చెప్పినా తల ఊపదు. అన్నిచోట్లా కొద్దిమందిగా బతుకుతున్న మనవంటివారి పిల్లలకు ఇంతకంటే పనికివచ్చే చదువు మరొకటి ఉందని నేననుకోను.